బోర్డు లేని గుజిరీ అంగడి, నా నాలుగు ఉలులు

మొదటిసారి పోయినప్పుడు అంగడాయన నన్ను చూసి, "పేపర్లు ఆడ తూకం కాడ పెట్టమ్మా, పిల్లోడు వస్తాడు" అన్నాడు. సంచి పట్టుకున్న ఆడమనిషి గుజిరీ అంగడికి ఇంకెందుకు వస్తుందిలే. "పేపర్లు కాదు భాయ్, ఉలి కావాల" అంటే తూకం కాడున్న ఇద్దరూ తలెత్తి చూశారు. ఎనిమిది నెలలైంది. ఇప్పుడు పోతే "మేడమ్‌కు డబ్బా తీయరా" అని కేకేస్తాడు. ఆ డబ్బా గురించీ, అంగడి వెనక పడున్న కట్టెల గురించీ ఈ రివ్యూ.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. వడ్రంగం సరదా కరోనా సెలవుల్లో పట్టుకుంది, వదల్లేదు. నెలకు వెయ్యి రూపాయలు దాటకూడదని ఇంట్లో ఒప్పందం. ఆ డబ్బుకు కొత్త సామాను కొంటే సంవత్సరానికి కూడా సెట్టు పూర్తి కాదు. అందుకే అనంతపురం పాతూరులోని ఈ అంగడి. బోర్డు లేదు. గేటు ముందర తుప్పు పట్టిన సైకిల్ ఫ్రేములు గుట్టగా ఉంటాయి, అదే గుర్తు.

డబ్బా అంటే పాత నూనె డబ్బా. పైభాగం కోసేసి అందులో ఉలులు, ఇనుమును రాకే ఆకురాళ్లు, బర్మా ముక్కలు, పటకార్లు అన్నీ కుక్కి పెట్టారు. చెక్కను పల్చగా గీసి చదును చేసే చిత్రిక, నా మొదటిది, అందులోనే అడుగున దొరికింది. దాని మీద "అనంత్" అని ఉంటే మన ఊరి పేరేనని మురిసిపోయాను. తీరా చూస్తే అది జలంధర్ కంపెనీ. నంబర్ 4 సైజు, రెండంగుళాల బ్లేడు. ఏడు నూర్లు చెప్పాడు. "తూకానికి ఇస్తావా భాయ్?" అన్నాను. పిల్లోడు పక్క నుంచి, "కొనేది తూకానికి, అమ్మేది మొగం చూసి మేడమ్" అన్నాడు. నాలుగు నూర్ల యాభైకి తెగింది. కొత్తదైతే దానికి మూడింతల పైమాటే.

చిత్రిక కొనేవాళ్లు తుప్పును చూసి భయపడొద్దు, తుప్పు పోతుంది. చూడాల్సింది అడుగున, బ్లేడు బయటికొచ్చే సందు పక్కన జుట్టంత పగులుందా అని. పోత ఇనుము కింద పడితే అక్కడే చిట్లుతుంది, దానికి మందు లేదు. తర్వాత బ్లేడు ఎంత మిగిలిందో చూడండి. సాన పట్టీ పట్టీ సందు దాకా అరిగిపోయినవి కూడా డబ్బాలో ఉన్నాయి.

ఉలులు నాలుగు కలిపి రెండు నూర్ల యాభై. అందులో ఒకటి ఎవరో కమ్మరి లారీ కమాన్ పట్టీని సాగగొట్టి చేసినది. సుత్తి దెబ్బలు కనిపిస్తాయి, చూడ్డానికి మోటుగా ఉంటుంది. పదును నిలవడంలో మిగతా మూడూ దాని కాలి గోటికి సరిపోవు. అప్పటి నుంచి చూపుతో కొనడం మానేశాను. పర్సులో చిన్న ఆకురాయి పెట్టుకుని పోతాను. ఉలి అంచు మీద రుద్దితే ఆకురాయి జారిపోవాలి. కొరికిందంటే ఉక్కు మెత్తన. అంచు నీలం రంగుకు తిరిగి ఉంటే మిషన్ మీద సాన పట్టి కాల్చేశారని, పనికిరాదు.

మూలమట్టం కూడా అక్కడే తీసుకున్నాను, ఎనభై రూపాయలు. పాత మూలమట్టం ఒంకర పోయి ఉండొచ్చు. నిటారు అంచున్న చెక్క మీద దాన్ని ఆనించి చాక్‌పీసుతో గీత గీసి, తిరగేసి అదే చోట ఇంకో గీత గీశాను. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే సరైన లంబకోణం. విడిపోతే, విడిపోయినదాంట్లో సగం తప్పు. మూడింట్లో ఒకటే పాసైంది. అంగడాయన అంతా చూసి, "ఇది స్కూల్లో చెప్తారా?" అని అడిగాడు. చెప్పమని ఒప్పుకోవాల్సొచ్చింది.

ఇక నా కడుపుమంట. నూట యాభైకి ఒక చేతి రంపం కొన్నాను. "బాగా పదునుంది, ఆకురాయి పెడితే ఇంకా పదునెక్కుతుంది" అన్నారు. ఇంటికొచ్చి ఆకురాయి పెడితే పళ్ల మీద జారిపోతోంది. ఉలికైతే మంచిదే గానీ రంపానికి ఇది శాపం. పళ్ల చివర్లు నల్లగా, నీలంగా ఉన్న ఈ కాలం రంపాలకు పళ్లను మాత్రం విపరీతంగా గట్టిపరుస్తారు. పదునుండేంత వరకే బ్రహ్మాండం, పోయిందంటే మళ్లీ తీయలేం. పైగా కంటి దగ్గర పెట్టి పొడుగునా చూస్తే మధ్యలో చిన్న సొట్ట. వాపసు అడిగితే "గుజిరీలో వాపసు యాడుంటాదమ్మా" అని నవ్వాడు. అబద్ధం చెప్పి అమ్మినందుకు ఒక స్టార్ అక్కడే పోయింది. కరెంటు సామాను వైపు పోకండి. చక్రానికి తొడుగు లేని గ్రైండర్లు, టేపు చుట్టిన వైర్లు. ఊరికే ఇచ్చినా వద్దు.

తుప్పుకు నేను చేసేది ఇది. లీటరు నీళ్లకు యాభై గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, సామాను రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే బ్రష్షుతో తోమాలి. సోడా ఉప్పు నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి, కొబ్బరి నూనె రాయాలి. పరీక్ష పేపర్లు దిద్దే వారంలో ఒక ఉలిని రెండు రోజులు మర్చిపోతే ఒళ్లంతా గుంతలు పడింది. పదునుకు ఖరీదైన సానరాళ్లు కొనలేదు. మా ఇంట్లో పరిచిన తాడిపత్రి బండల్లో ఒకటి మిగిలింది, పాలిష్ పట్టినది. దాని మీద 220, 400, 1000, 2000 నంబర్ల నీటి కాగితాలు (తడిపి వాడే గరుకు కాగితాలు) వరసగా అంటించి, 25 డిగ్రీల వాలుతో రుద్దుతాను. కోణమానిని పట్టడం నాకు రోజూ పనే కదా.

ఈ అంగడికి నేను మళ్లీ మళ్లీ పోయేది మాత్రం వెనక కట్టెల కోసం. మన పల్లెల్లో పైన చౌడు మన్ను కప్పిన పాత మిద్దెలు పడగొట్టి స్లాబు వేసుకుంటున్నారు కదా, ఆ దూలాలూ, వాటి మీద అడ్డంగా పరిచే దంతెలూ కొన్ని ఇక్కడికి చేరతాయి. ఐదడుగుల వేప దూలం ముక్క మూడు నూర్లు, దంతె నలభై. పైన పొగచూరి నల్లగా, చెత్తలా ఉంటుంది. చిత్రిక రెండు పోట్లు పోయాక లోపల ఎర్రటి చేవ బయటపడితే, ఏ తాత ఎద్దుల బండి మీద తెచ్చిన మానో అనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఆరిన కట్టె, మన అనంతపురం ఎండకు ఇంక కొత్తగా వంగేదేం లేదు. వేప నార మాత్రం ఒకవైపు పోదు. పట్టీ పట్టీకి ఎదురు తిరుగుతుంది. బ్లేడు కొంచెమే బయటికి పెట్టి, ఓపిగ్గా పల్చగా తీయాలి. పొట్టుకు తుమ్ములొస్తాయి, మాస్కు తప్పనిసరి.

మేకులతో జాగ్రత్త. పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి దూలం పొడుగునా తిప్పి చూస్తాను. ఒక దాంట్లో పదకొండు మేకులు తేలాయి. మేకుల భయానికే సామిల్లు వాళ్లు పాత దూలం కోయమంటే మొగం తిప్పుకుంటారు. అయస్కాంతం తిప్పి చూపించాక ఒకాయన ఒప్పుకున్నాడు.

ప్యాకింగ్ చెక్కలు కూడా అమ్ముతాడు, ఒక్కో ప్యాలెట్ (సరుకు కింద పెట్టే చెక్క చట్రం) నూరు. ఎక్కువ పైన్ చెక్క. మెత్తగా ఉంటుంది, నేర్చుకునే చేతికి మంచిది. విదేశాల నుంచి వచ్చిన వాటి మీద ముద్ర ఉంటుంది. అందులో "హెచ్‌టీ" అని ఉంటే వేడి చేసి పురుగు చంపినది. "ఎంబీ" అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషపు గ్యాసు పట్టించినది, ముట్టుకోకండి. ముద్ర ఏదైనా వంటింటి సామానుకు ప్యాలెట్ వాడొద్దు, దాని మీద ఏమేం ఒలికాయో మనకు తెలీదు.

వేప ముక్కతో మా అత్తకు కత్తిపీటకు కొత్త పీట చేసిచ్చాను. మెచ్చుకుంది. ఆ ఊపులో సంగటి కట్టె కూడా చేస్తానంటే, "వేప కట్టెతో గెలికితే ముద్ద చేదెక్కుతాది, నువ్వే తిందువుగాని" అంది. అది అలాగే ఆగిపోయింది.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆదివారం పొద్దున పోండి, అప్పుడే కొత్త సరుకు విప్పుతారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూస్తారు. గోడ మేకుకు పద్నాలుగు అంగుళాల నంబర్ 5 చిత్రిక ఒకటి వేలాడుతుంటుంది. దాన్ని అడక్కండి, రెండు నూర్లు అడ్వాన్స్ ఇచ్చి పెట్టాను. ఒకటో తారీకు జీతం పడగానే తెచ్చుకుంటా.