ఓఆర్‌ఎస్ అనుకుని ఏదో తాగి ఫ్లైట్ ఎక్కాను, మీరు జాగ్రత్తగా ఉండండి

మెడికల్ షాపులో "ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అని అడిగితే చేతిలో పెట్టే ప్రతి టెట్రా ప్యాకూ ఓఆర్‌ఎస్ కాదు. ఓఆర్‌ఎస్ అంటే వాంతులు, మోషన్లతో ఒంట్లోంచి పోయిన నీళ్లు, లవణాలు తిరిగి అందడానికి తాగేది. కడుపు పాడై కోలుకుంటున్నవాళ్లు, అందులోనూ ప్రయాణం పెట్టుకున్నవాళ్లు, దయచేసి ఇది చదవండి.

పోయిన నెల చుట్టాలింట్లో గృహప్రవేశం భోజనం చేసొచ్చిన రాత్రే నాకు మొదలైంది. వాంతులు ఒక్క రోజుతో ఆగాయి కానీ మోషన్లు మూడు రోజులు వదల్లేదు. నాలుగో రోజుకి తేలికపడింది. అయిదో రోజు పొద్దున్నే ఢిల్లీ ఫ్లైట్ ఉంది, అక్క మనవరాలి బారసాల. వెళ్లొచ్చా అని కూకట్‌పల్లిలో మేము చూపించుకునే డాక్టర్ని అడిగాను. జ్వరం లేదు, రక్తం పడటం లేదు, తాగిన నీళ్లు లోపల నిలుస్తున్నాయి కాబట్టి వెళ్లొచ్చన్నారు. "ఓఆర్‌ఎస్ మాత్రం ఆపొద్దమ్మా" అని రెండుసార్లు చెప్పారు.

ఇంట్లో పొడి ప్యాకెట్లు అయిపోయాయి. ముందురోజు రాత్రి మా వీధి చివర మెడికల్ షాపుకి వెళ్లి ఓఆర్‌ఎస్ అడిగాను. కౌంటర్ దగ్గరి అబ్బాయి ఫ్రిజ్ తీసి, నారింజపండు బొమ్మ ఉన్న 200 మిల్లీలీటర్ల టెట్రా ప్యాకులు మూడు తీసిచ్చాడు. "పొడి లేదా?" అన్నాను. "ఇది అదే మేడమ్, కలుపుకునే పని లేదు, అందరూ ఇదే తీసుకుంటున్నారు" అన్నాడు. నీరసంగా ఉంది, తెల్లవారుజామున లేవాలి. పేరు కూడా చూడకుండా డబ్బులిచ్చి వచ్చేశాను. రాత్రి ఒకటి, శంషాబాద్ వెళ్తూ క్యాబ్‌లో ఒకటి, బోర్డింగ్ ముందు ఇంకొకటి తాగాను. తియ్యగా ఉంది, నోటికి హాయిగా అనిపించింది. పొడి కలిపిన నీళ్లు అలా ఉండవు, కాస్త ఉప్పుప్పగా ఉంటాయి. అప్పుడే అనుమానం రావాల్సింది.

విమానం లేచిన అయిదు నిమిషాలకే కడుపులో గుడగుడ మొదలైంది. నాది కిటికీ సీటు. సీట్ బెల్ట్ లైటు వెలుగుతూనే ఉంది. బెల్ నొక్కితే ఎయిర్‌హోస్టెస్ తను కూర్చున్న చోటి నుంచే ఆగమని చెయ్యి చూపించింది. విమానం పైకి లేస్తున్నంతసేపూ వాళ్లు కూడా లేవకూడదు, ఆమె తప్పేమీ లేదు. ముందు సీటు వెనకున్న సంచిని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. చల్లటి చెమటలు పట్టేశాయి. పక్కనున్న పెద్దాయన "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. నేను తల ఊపగానే, లైటు ఆరిన క్షణంలో దారి ఇవ్వడానికి ఆయన తన బెల్టు బకిల్ మీద చెయ్యి వేసి ఉంచారు, అవతలి సీటు అబ్బాయికి కూడా చెప్పారు. ఆ పదిహేను నిమిషాలు జన్మలో మర్చిపోలేను. ఆ రెండు గంటల ప్రయాణంలో నాలుగుసార్లు లేచాను. ఢిల్లీలో దిగేసరికి పిక్కలు పట్టేశాయి. అక్క ఇంటికి కాకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లింది, సెలైన్ ఎక్కించారు.

అక్కడి డాక్టరు "పొద్దుటి నుంచి ఏం తాగారు?" అని అడిగితే హ్యాండ్‌బ్యాగులో మిగిలిన ఖాళీ పెట్టె తీసి చూపించాను. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి నా చేతికే ఇచ్చి చదవమన్నారు. ముందువైపు ఎలక్ట్రోలైట్స్, అంటే లవణాలు, అని పెద్ద అక్షరాలున్నాయి. పేరులో ఓఆర్‌ఎస్ అన్న మాట లేదు. వెనక అడుగున, మడత దగ్గర, చీమ తలకాయంత అక్షరాల్లో ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదని రాసి ఉంది. 100 మిల్లీలీటర్లకు చక్కెర 11 గ్రాములు.

ఈ అంకె ఎందుకు ముఖ్యమో చెప్తాను. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. మొత్తం కలిపి 20.5 గ్రాములు. నేను తాగినదాంట్లో లీటరు లెక్కన ఒక్క చక్కెరే 110 గ్రాములు, అంటే ఎనిమిది రెట్లు. చిన్నపేగులో గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్లు వెళ్తాయి. ఓఆర్‌ఎస్ పనిచేసేది అలాగే, అందుకే ఆ పాళ్లు అంత కచ్చితంగా ఉంటాయి. చక్కెర మోతాదు మించితే వ్యవహారం తిరగబడుతుంది, ఒంట్లోని నీరే పేగులోకి లాగబడి మోషన్లు పెరుగుతాయి. నా అవస్థకి అదొక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేను. కానీ ఒంట్లో నీళ్లు పోతున్న మనిషికి ఇవ్వాల్సింది మాత్రం అది కాదు.

ఇలాంటి తీపి పానీయాలని ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మడం మీద పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరే, శివరంజని సంతోష్ గారు. ఎనిమిదేళ్ల పాటు ఆవిడ ఒంటరిగా కొట్లాడితే, 2025 అక్టోబర్ 14న, దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశం ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లేని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న పదం వాడకూడదని. ఆవిడ కన్నీళ్లతో మాట్లాడిన వీడియో చాలామంది చూసే ఉంటారు. నేనూ చూశాను, షేర్ కూడా చేశాను. అయినా మోసపోయాను. ఎందుకంటే పెట్టె మీద పేరు మారినా షాపువాడి నోట్లో మారలేదు, మనం అడిగే తీరూ మారలేదు. మనం ఓఆర్‌ఎస్ అంటాం, వాళ్లు ఫ్రిజ్ తీస్తారు. నాకు బాధంతా అక్కడే. ఇదే ప్యాకెట్ ఏడాది నిండని పిల్లలకి పట్టించే తల్లులు మన వీధుల్లోనే ఉన్నారు.

అందుకే పొడి ప్యాకెట్టే అడగండి. దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి. నేను మూడు పెట్టెలకి పెట్టిన డబ్బుతో నాలుగైదు ప్యాకెట్లు వచ్చేవి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీటిలోనే కలపాలి, సగం గ్లాసులో సగం పొడి అనే లెక్కలు వద్దు. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్నవి కూడా దొరుకుతాయి, ప్రయాణంలో అవి తేలిక. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. విదేశీ ప్రయాణమైతే చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన సీసాలు సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. పొడి, ఖాళీ సీసా పట్టుకెళ్తే లోపల నీళ్లు పట్టుకుని కలుపుకోవచ్చు.

ఫ్లైట్ గురించి కూడా నాకు తెలియని సంగతి ఒకటి ఢిల్లీ ఆసుపత్రి డాక్టరు చెప్పారు. విమానం లోపలి గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుందట, అంటే మనం దాదాపు ఊటీలో కూర్చున్నట్టు. కడుపులో గ్యాస్ ఉబ్బుతుంది. గాలిలో తేమ కూడా చాలా తక్కువ, 20 శాతం లోపే. అసలే నీరసించి ఉన్నవాళ్లకి ఇవన్నీ తోడవుతాయి. కాబట్టి దారి పక్క సీటు, వీలైతే టాయిలెట్ దగ్గరిది, అదనంగా డబ్బు కట్టయినా తీసుకోండి. టాయిలెట్ భయంతో మోషన్లు ఆపే మాత్ర సొంతంగా వేసుకోకండి, జ్వరం గానీ రక్తం గానీ ఉంటే అది ప్రమాదం. అలాంటి లక్షణాలున్నా, నిలబడితే కళ్లు తిరుగుతున్నా, మూత్రం తగ్గినా టికెట్ డబ్బులు పోయినా సరే ప్రయాణం మానుకోండి.

తిరిగొచ్చాక ఆ షాపుకి వెళ్లాను. ఓనర్ "కంపెనీ ఇస్తుంది, మేం అమ్ముతాం" అన్నాడు. పెట్టె మీది పేరులో లేని మాట మీ అబ్బాయి ఎందుకు చెప్పాడని అడిగితే జవాబు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కూడా పెట్టొచ్చు. బిల్లు, ప్యాకెట్ ఫొటో ఉంటే మంచిది. నా దగ్గర బిల్లు ఉంది కానీ, ఆ పెట్టెని మాత్రం కోపంలో ఢిల్లీ ఆసుపత్రి చెత్తబుట్టలో పడేసి వచ్చాను. మీరు పడేయకండి.