జాంగో టెంప్లేట్ ఫైళ్ల అమరిక: ఏళ్ల తరబడి వాడాక

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో పేజీ రూపాన్ని రాసే ఫైలే టెంప్లేట్. అది దొరక్కపోతే జాంగో ఊరుకోదు. డీబగ్ ఆన్‌లో ఉంటే, ఏయే చోట్ల ఏ వరసలో వెతికిందో పూర్తి పాత్‌లతో సహా ఎర్రర్ పేజీలో చూపిస్తుంది. అది నిమిషాల్లో తేలిపోయే పని. అసలు తలనొప్పి ఒకే పేరుతో రెండు ఫైళ్లున్నప్పుడు వస్తుంది. ముందు దొరికినదాన్ని తీసుకుని కిమ్మనకుండా చూపించేస్తుంది. ఇన్నేళ్ల వాడకంలో ఎదురైన టెంప్లేట్ చిక్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడ పుట్టినవే.

వెతికే వరస తేలికే. సెట్టింగ్స్‌లో టెంప్లేట్స్ కింద డిర్స్‌లో రాసిన ఫోల్డర్లు మొదట. యాప్ అంటే ప్రాజెక్టులో ఒక్కో పనికి రాసిన భాగం; యాప్_డిర్స్ ట్రూ అయితే, ఆ తర్వాత ఇన్‌స్టాల్డ్_యాప్స్‌లోని వరస ప్రకారం ఒక్కో యాప్‌లోని టెంప్లేట్స్ ఫోల్డరు. అందుకే ఆర్డర్స్/టెంప్లేట్స్/ఆర్డర్స్/లిస్ట్.హెచ్‌టీఎంఎల్ అని యాప్ పేరు రెండుసార్లు రాయాల్సి వస్తుంది. కొత్తవాళ్లకు ఇది దండగ అనిపించి లోపలి ఫోల్డరు తీసేస్తారు. రేపు ఇన్‌వాయిస్ యాప్‌లోనూ ఒక లిస్ట్.హెచ్‌టీఎంఎల్ చేరిందంటే రెండు పేజీలకూ ఒకే ఫైలు వస్తుంది. ఎర్రర్ మాత్రం ఉండదు.

దీనికి అందరికీ తగిలే ఉదాహరణ పాస్‌వర్డ్ రీసెట్ పేజీ. మన యాప్‌లో రిజిస్ట్రేషన్/పాస్‌వర్డ్_రీసెట్_ఫార్మ్.హెచ్‌టీఎంఎల్ చక్కగా రాసుకుంటాం. బ్రౌజర్లో తీస్తే జాంగోతో వచ్చే అడ్మిన్ (నిర్వహణ) రూపంలో ఉన్న పేజీ వస్తుంది. సరిగ్గా అదే పేరుతో అడ్మిన్ యాప్‌లోనూ ఒక ఫైలుంది, ఇన్‌స్టాల్డ్_యాప్స్‌లో అడ్మిన్ మనకంటే పైన ఉంది. మన యాప్‌ను దానికి పైకి జరిపినా సరే, ఫైలును డిర్స్ ఫోల్డర్లోకి మార్చినా సరే. రెండోదే మేలు, ఎందుకంటే యాప్‌ల వరసను రేపు ఎవరైనా అక్షరక్రమంలో సర్దేస్తే మొదటి పద్ధతి చెడిపోతుంది. అనుమానం వస్తే షెల్ తెరిచి గెట్_టెంప్లేట్‌కు ఆ పేరిచ్చి, వచ్చినదాని ఆరిజిన్ చూడండి. ఏ ఫైలు తీసుకుందో పూర్తి పాత్ కనిపిస్తుంది. ఊహించుకుంటూ కూర్చోవడం కంటే ఇది ఎంతో నయం.

ఇన్నాళ్లకు మాకు కుదిరిన అమరిక ఇది. డిర్స్ ఫోల్డర్లో బేస్ (పేజీలన్నిటికీ ఉమ్మడి చట్రం), 404 (పేజీ లేదు), 500 (సర్వర్ లోపం) ఎర్రర్ పేజీలు, బయటి ప్యాకేజీల టెంప్లేట్లకు మనం చేసే మార్పులు ఉంటాయి, అంతే. మిగతావన్నీ ఆయా యాప్‌లలోనే. 500 పేజీ మాత్రం బేస్‌ను ఎక్స్‌టెండ్ చేయకూడదు. దాన్ని జాంగో ఖాళీ కాంటెక్స్ట్‌తో (పేజీకి అందే విలువలేవీ లేకుండా) రెండర్ చేస్తుంది కాబట్టి రిక్వెస్ట్, యూజర్ రెండూ ఉండవు. లాగిన్ అయినవాళ్లకు కూడా లాగిన్ కానట్టు మెనూ కనబడుతుంది. బేస్‌లో రిక్వెస్ట్ తప్పనిసరైన సొంత ట్యాగు ఉంటే ఎర్రర్ పేజీయే పడిపోతుంది. దాన్ని విడిగా, మామూలు హెచ్‌టీఎంఎల్‌గా రాయండి.

ఒక టెంప్లేటు మరోదాన్ని ఎక్స్‌టెండ్ చేసే వారసత్వం మూడు అంచెలు చాలు: సైటుకో బేస్, విభాగానికో బేస్, ఆపైన పేజీ. నాలుగోది చేరిందంటే ఒక బ్లాకు (కింది ఫైలు నింపేందుకు వదిలిన చోటు) ఎక్కడ నిండుతోందో తెలుసుకోవడానికి నాలుగు ఫైళ్లు తెరవాలి. ఇన్‌క్లూడ్ చేసిన ఫైల్లో బ్లాకు పెట్టి, పేజీలోంచి దాన్ని మార్చాలని చూసేవాళ్లు చాలామంది. అది పనిచేయదు. ఇన్‌క్లూడ్ అంటే విడిగా రెండరై వచ్చిన ముక్క, దానికి వారసత్వంతో సంబంధం లేదు.

ముక్క ఫైళ్ల పేరు ముందు అండర్‌స్కోర్ పెడితే ఏది పేజీ, ఏది ముక్క అన్నది ఫోల్డరు చూడగానే తెలుస్తుంది. వాటిని విత్ (కావలసిన విలువలు అందించేది), ఓన్లీ (మిగతావి రానివ్వనిది) వాడి ఇన్‌క్లూడ్ చేయడం మంచి అలవాటు. లేకపోతే చుట్టూ ఉన్న వేరియబుల్స్ అన్నీ లోపలికి వస్తాయి, ఏది దేని మీద ఆధారపడిందో చెప్పలేం. కానీ ఒక మెలిక ఉంది. ఓన్లీ పెట్టగానే సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (ఫారం మన సైటు నుంచే వచ్చిందని రుజువు చేసే గుర్తు) కూడా ఆగిపోతుంది. ముక్కలో ఫారం ఉంటే పేజీ బాగానే కనిపిస్తుంది, సబ్మిట్ నొక్కితే 403 (అనుమతి లేదు) ఎర్రర్. టోకెన్‌ను విత్‌లో మనమే అందించాలి.

ఫారం విడ్జెట్ల (ఇన్‌పుట్ పెట్టెల వంటివి) టెంప్లేట్లను మార్చడం ఇంకాస్త చికాకు. డిర్స్‌లో సరైన పేరుతో ఫైలు పెట్టినా జాంగో పట్టించుకోదు, ఎందుకంటే ఫారాలకు వేరే ఇంజిన్ ఉంది. ఫార్మ్_రెండరర్‌ను టెంప్లేట్స్‌సెట్టింగ్‌కు మార్చి, జాంగో.ఫార్మ్స్‌ను ఇన్‌స్టాల్డ్_యాప్స్‌లో చేర్చాలి. ఒకటి మరిచినా ఫలితం రాదు.

ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే ఉంచండి. మామూలుగా విండోస్, మ్యాక్ పెద్ద అక్షరం తేడాను పట్టించుకోవు, లైనక్స్ సర్వర్ పట్టించుకుంటుంది.

జాంగో 6.0 నుంచి పార్షియల్స్ (పేరు పెట్టిన టెంప్లేట్ ముక్కలు) అందులోనే వచ్చాయి. పార్షియల్‌డెఫ్‌తో ముక్కను పేజీ ఫైల్లోనే రాసుకుని, వ్యూలో (పేజీని పంపే కోడ్‌లో) ఫైలు పేరు తర్వాత హ్యాష్ గుర్తు, ముక్క పేరు ఇస్తే అది మాత్రమే రెండరవుతుంది. ఒక్క పేజీలోనే వాడే ముక్కలను ఇలా లోపలికి తెచ్చేయండి. రెండు మూడు పేజీలు పంచుకునే ముక్కకు మాత్రం విడి ఫైలే ఉంచండి, వెతికేవాళ్లకు ఫోల్డర్లో కనబడాలి కదా.