అత్తయ్య పెట్టిన గుర్తులు రీపర్‌లోకి: రెండేళ్ల వాడకం తర్వాత

ఆడియో పుస్తకాల ఎడిటింగ్‌కి రీపర్ అనే సాఫ్ట్‌వేర్ వాడబట్టి రెండేళ్లయింది. మా ఇంట్లో ఈ పని ఇద్దరిది. కోతలు, అతుకులు నావి. రికార్డింగ్‌ని పుస్తకంతో సరిచూస్తూ వినేది మా అత్తయ్య, రిటైరైన తెలుగు టీచర్. ఆవిడ ఆడాసిటీ అనే ఇంకో ఆడియో ప్రోగ్రామ్‌లో వింటారు. తప్పు వినబడగానే కంట్రోల్ ఎం నొక్కి అక్కడే తెలుగులో రాసేస్తారు: ‘కళని కల అన్నారు’, ‘ఒత్తు పలకలేదు’, ‘ఊపిరి చప్పుడు’. ఆవిడ చెవి పట్టింది నా టైమ్‌లైన్ మీద సరిగ్గా అదే చోట పడాలి. నాకు అన్నిటికంటే ముఖ్యం అదే.

ఆడాసిటీ ఈ గుర్తులను, అంటే లేబుళ్లను, టెక్స్ట్ ఫైలుగా ఇస్తుంది. ఒక్కో వరుసలో మొదలు, చివర సెకన్లలో ఉంటాయి, ఆ తర్వాత మాట. రీపర్‌లో ఇలాంటి గుర్తుల్ని మార్కర్లంటారు. వాటిని చూసుకునే మార్కర్ మేనేజర్‌కి మాత్రం సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన పట్టిక ఫైలు కావాలి. అందుకని స్ప్రెడ్‌షీట్‌లో వరుస మార్చుకుంటాను: ముందు ఇంగ్లిష్ ఎం అక్షరంతో నంబరు, తర్వాత పేరు, తర్వాత సమయం. సేవ్ చేసేటప్పుడు తెలుగు అక్షరాలు నిలిచే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ ఎంచుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

మొదటిసారి 41 గుర్తులు తెస్తే ఒక్కటీ సరైన చోట పడలేదు. మర్నాడే ఫైలు ఇవ్వాలి, ఒకటే టెన్షన్. చూస్తే టైమ్‌లైన్ పైన కొలత చూపే నా రూలర్ సెకన్లలో కాక, సంగీతానికి వాడే బార్లు, బీట్లలో ఉంది. సెకన్లకు మార్చి మళ్లీ తెచ్చాను. ‘కళని కల అన్నారు’ మీద క్లిక్ చేసి ప్లే నొక్కితే సరిగ్గా ఆ మాటే వినిపించింది. ప్రాణం లేచొచ్చింది. ఇద్దరి దగ్గరా ఒకే వేవ్ ఫైలు ఉండాలి, అది సున్నా దగ్గరే మొదలవ్వాలి. ఇంకో జాగ్రత్త: రిపుల్ ఎడిటింగ్ (కోసిన ఖాళీలోకి తర్వాతి ఆడియో దానంతటదే జరగడం) ఒక్క ట్రాక్‌కే పెట్టి కోస్తే మార్కర్లు కదలవు. అన్ని ట్రాక్‌లకూ పెడితే వాటితోపాటే జరుగుతాయి.

నాకు బాగా నచ్చింది దీని ప్రాజెక్టు ఫైలు. ఆర్‌పీపీ అనే ఆ ఫైలు మామూలు టెక్స్టే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ప్రతి మార్కరూ సమయంతో సహా కనిపిస్తుంది, అత్తయ్య రాసిన తెలుగు ఉన్నదున్నట్టు చదువుకోవచ్చు.

లోటు కూడా ఉంది. ఆడాసిటీ ప్రాజెక్టును రీపర్ నేరుగా తెరవదు, ఒక ఎడిటింగ్ ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి ప్రాజెక్టు పంపడానికి వాడే ఓఎంఎఫ్, ఏఏఎఫ్ ఫైళ్లు కూడా సొంతంగా చదవదు, రాయదు. వాటికి వేరే ప్రోగ్రామ్ కావాలి. ఒక స్టూడియో ఏఏఎఫ్ అడిగితే, ట్రాకులన్నీ సున్నా నుంచి విడివిడి వేవ్ ఫైళ్లుగా రెండర్ చేసి (అంటే పూర్తి ఆడియోగా తీసి), మార్కర్లను వాటిలోనే పొదిగి పంపాను. పని జరిగింది గానీ అవతలివాళ్లకు క్లిప్పులు విడిగా దొరకలేదు.

చిన్న సంపాదన ఉన్నవాళ్లకు లైసెన్స్ 60 డాలర్లు. మా పనికి ఆ డబ్బు పూర్తిగా గిట్టుబాటైంది. రోజూ ఏఏఎఫ్ పంపాల్సినవాళ్లు మాత్రం 60 రోజుల ట్రయల్‌లోనే ఒక నిజమైన ప్రాజెక్టు అవతలికి పంపి, వాళ్ల దగ్గర ఎలా తెరుచుకుందో కనుక్కున్నాకే కొనండి.