బండి నడపని వాళ్లకు ఏ ఊరు మేలు: గుత్తా, ఒంటిమిట్టా, బత్తలపల్లా?

మా చిన్నాయన రిటైరయ్యారు. హైదరాబాద్ వదిలేసి సీమలోనే ఏదైనా చిన్న ఊళ్లో ఉందామని చిన్నమ్మా ఆయనా అనుకుంటున్నారు. ఇద్దరికీ బండి నడపడం రాదు. చిన్నాయనకు షుగరు, బీపీ. వెతగ్గా వెతగ్గా మూడు ఊళ్లు మిగిలాయి.

గుత్తి పేరెత్తగానే అందరూ "జంక్షన్ కదా!" అంటారు. నిజమే. ముంబై–చెన్నై లైను మీద ఉంది, ధర్మవరం మీదుగా బెంగళూరుకూ, డోన్ మీదుగా కర్నూలుకూ రైలు మార్గం ఉంది. 44వ నంబరు జాతీయ రహదారీ అటే పోతుంది. పిల్లల దగ్గరికి పోయి రావడానికి ఇంతకన్నా వీలైన ఊరు లేదు. అయితే ఏడాదికి నాలుగుసార్లు చేసే ప్రయాణాన్ని చూసుకుని ఊరు ఎంచుకుంటే ఎట్లా? వారం వారం కావాల్సింది డాక్టరు, మందులు, బ్యాంకు. పైగా స్టేషను ఊళ్లో కాదు, గుత్తి ఆర్.ఎస్. అని విడిగా ఉంటుంది. అర్ధరాత్రి రైలు దిగితే ఆటోవాడు అడిగినంత ఇవ్వాల్సిందే. పెద్ద ఆసుపత్రికి అనంతపురం పోవాలి, సుమారు 50 కిలోమీటర్లు.

ఒంటిమిట్ట నాకు చాలా నచ్చింది. కడప నుంచి 25 కిలోమీటర్లు దాటితే వచ్చేస్తుంది. కడప–తిరుపతి రోడ్డు మీదే ఉండటం దీని అసలు బలం. ఒకవైపు కడప, ఇంకోవైపు రాజంపేట. ఒక బస్సు పోతే వెనకాల ఇంకోటి వస్తుంది. బస్సు ఆ ఊరి కోసమే రానక్కర్లేదు, ఊరి మీదుగా పోతే చాలు. అట్లాంటి సర్వీసును ఒక్క ఊళ్లో జనం తగ్గారని ఆపేయరు. చెరువు, కోదండరామాలయం ఉన్నాయి, సాయంత్రాలకు కొదవ లేదు. శ్రీరామనవమి బ్రహ్మోత్సవాల్లో మాత్రం, ముఖ్యంగా కల్యాణం నాడు, బస్సెక్కాలంటే యుద్ధమే.

బత్తలపల్లి చూడ్డానికి మామూలు ఊరే. కానీ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) ఆసుపత్రి అక్కడే ఉంది. నెలనెలా చెకప్ కోసం బస్సెక్కే పనే లేదు. రాత్రిపూట ఒంట్లో బాగాలేకపోతే అన్న టెన్షన్ సగం తగ్గుతుంది. అనంతపురం–కదిరి రోడ్డు మీద ఉంది, దగ్గర్లోనే ధర్మవరం. కాబట్టి రైలు కూడా మరీ దూరం కాదు. లోటల్లా నీళ్లది. వానలు తక్కువ పడే ప్రాంతం, ఎండాకాలంలో బోర్ల సంగతి ముందే కనుక్కోవాలి.

రోడ్డుకు ఐదారు కిలోమీటర్లు లోపలున్న పల్లెల్లో అద్దెలు తక్కువని కొందరు అటు లాగుతున్నారు. అక్కడ నైట్ హాల్ట్ బస్సు ఉందా అని అడగండి. సాయంత్రం చివరి ట్రిప్పుగా వచ్చి, రాత్రి ఊళ్లోనే ఆగి, తెల్లారి మొదటి ట్రిప్పుగా పోతుంది. అదుంటే పొద్దున పోయి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. లేకపోతే షేర్ ఆటోలే గతి. అవి నిండితేగానీ కదలవు.

ఖర్చు సంగతికొస్తే, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్ ఖర్చు లేదు. చిన్నమ్మ ఆధార్‌లో ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉంటే, అది చూపిస్తే చాలు. చిన్నాయనకు 60 దాటాయి కాబట్టి 25 శాతం రాయితీ. అందుకే ఇంటి అద్దె కాస్త ఎక్కువైనా రోడ్డు మీది ఊరికే నా ఓటు.

ఆరోగ్యం గట్టిగా ఉన్నవాళ్లయితే ఒంటిమిట్ట అనేదాన్ని. వీళ్లకు మాత్రం బత్తలపల్లే. ఇల్లు బస్టాపుకు పది నిమిషాల నడకలో ఉండాలి, మే నెల ఎండలో అంతకు మించి నడవలేరు. కొనేముందు ఒక ఎండాకాలమైనా అద్దెకుండి చూడమని చెప్పాను. ఆదివారం అనంతపురం నుంచి చివరి బస్సు ఎన్నింటికో బస్టాండులో అడిగి రాసుకోమన్నాను.