ఇస్తాంబుల్‌లో తివాచీ కొట్టుకి వెళ్లేముందు మ్యూజియం చూడండి

ఇస్తాంబుల్ పాత ఊళ్లోని సుల్తానహ్మెత్ పేటలో మేం దిగిన హోటల్‌కి రాత్రికి 85 యూరోలు. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లకి లోటు లేదు, పొద్దున టిఫిన్ కూడా బాగుంది. పేచీ అంతా రిసెప్షన్ వాళ్లు అంటగట్టిన ‘ఫ్రీ వాకింగ్ టూర్’తోనే. ‘బ్లూ మాస్క్’ అనే పెద్ద మసీదు ముందు కాసేపు నిలబెట్టి, ఆ గైడు మమ్మల్ని నేరుగా ఒక తివాచీ కొట్టు మూడో అంతస్తుకి ఎక్కించాడు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆ మెట్ల దగ్గరే ఆవిడ మూడ్ పోయింది.

ఆపిల్ టీ ఇచ్చారు. షారుఖ్ ఖాన్ గురించి రెండు ముక్కలయ్యాయి. తర్వాత ఇద్దరు కుర్రాళ్లు చుట్టిపెట్టిన తివాచీలు విప్పి ఒకదాని మీద ఒకటి పరిచేశారు. ఒక ఎర్రదాని దగ్గర యజమాని ఆగి, ‘120 ఏళ్లనాటిది, 4,200 యూరోలు’ అన్నాడు. టర్కీ నుంచి వందేళ్లు దాటిన తివాచీని బయటికి పట్టుకెళ్లనివ్వరు. పాతగా కనిపించేదాన్ని తీసుకెళ్లాలంటే అది పురావస్తువు కాదని మ్యూజియం ఇచ్చిన కాగితం ఉండాలి. అదేది అని అడిగాను. ‘అయితే 80 ఏళ్లనుకోండి, 1,900’ అన్నాడు. మేం లేచి మెట్ల దాకా వచ్చేసరికి 1,100. ధరతో పాటు వయసూ తగ్గే బేరం నేనెక్కడా చూడలేదు.

మా అత్తగారిది ఏలూరు. మగ్గాల మీద తివాచీలు నేయడం చూస్తూ పెరిగిన మనిషి. తడి రుమాలు పెట్టి రుద్దితే ఎరుపు అంటింది. కుచ్చు విడదీసి నాకు చూపించారు: పైన వెలిసిన ఇటుక రంగు, ముడి మొదట్లో కళ్లు చెదిరే గులాబీ. ‘ఎండలో పడేసి ముసలిదాన్ని చేశారు, అల్లుడుగారూ. ఎవరికి చెబుతున్నాడు వీడు?’ అన్నారు. రసాయన రంగులు 19వ శతాబ్దం చివరికే అనటోలియాకి (టర్కీలోని ఆసియా భాగానికి) వచ్చాయి కాబట్టి ఆ రంగున్నంత మాత్రాన తివాచీ కొత్తదని చెప్పలేం. అయినా రుమాలుకి అంటుకునే ఎరుపుకి వేల యూరోలు ఎందుకివ్వాలి?

అక్కణ్ణుంచి నడిచి వెళ్లిన టర్కిష్, ఇస్లామిక్ కళల మ్యూజియం మా కోపం చల్లార్చింది. ఇబ్రహీం పాషా ప్యాలెస్‌లో ఉంటుంది, మేం వెళ్లినప్పుడు టికెట్ మనిషికి 17 యూరోలు. కొన్యా నగరంలోని అలాద్దీన్ మసీదులో 1905 ప్రాంతంలో బయటపడ్డ సెల్జుక్ రాజుల కాలపు తివాచీలు ఇక్కడే ఉన్నాయి. 13వ శతాబ్దపువి. నడిమి భాగంలో చిన్న చిన్న గుర్తులు వరసలుగా మళ్లీ మళ్లీ వస్తాయి, అంచులో మాత్రం కూఫీ అనే పాత అరబిక్ లిపిని పోలిన భారీ రూపాలు. అంచే అసలు బొమ్మనిపిస్తుంది. చిరుగుల మధ్య మిగిలిన ముదురు నీలం, ఎరుపు ఇంకా నిలిచే ఉన్నాయి. మా అత్తగారు బెంచీ మీద కూర్చుని లేవలేదు. మా ఆవిడకి ఆకలి, నేనేమో మధ్యలో.

తర్వాతి గదుల్లో నడుమ పెద్ద పతకం లాంటి బొమ్మలుండే ఉషాక్ ఊరి తివాచీలు, యూరప్ చిత్రకారుడు హోల్బైన్ పేరుతో పిలిచేవి ఉన్నాయి. అతని బొమ్మల్లో ఇలాంటివి కనిపిస్తాయని ఆ పేరు. టర్కిష్ ముడిలో ఉన్ని పోగు రెండు పడుగు పోగుల చుట్టూ తిరిగి మధ్యలోంచి బయటికొస్తుంది. ఇదొక్కటి తెలిసినా కొట్టులో వెనక్కి తిప్పి చూసేటప్పుడు ధైర్యంగా ఉంటుంది.

కొనాలనే ఉంటే ‘యాంటిక్’ మాట ఎత్తకండి. 1981లో మొదలైన డోబాగ్ ప్రాజెక్టు చనాక్కలె దగ్గర పల్లెల్లో వేళ్లు, ఆకుల రంగులతో నేతని మళ్లీ నిలబెట్టింది. అలాంటి కొత్త తివాచీ ఈ ముసలి వేషం వాటికన్నా నయం. మేం 140 యూరోలకి ఒక చిన్న కిలిం (ముడులు లేకుండా నేసే పలుచటి తివాచీ) తీసుకున్నాం, రుమాలు పరీక్ష పాసయ్యాకే.

హోటల్‌కి చేరేసరికి రిసెప్షన్ అతని మొహం మాడిపోయింది. కమీషన్ రాలేదు మరి. 30 యూరోలకి ఒప్పుకున్న ఎయిర్‌పోర్ట్ కారు 45 అన్నాడు. పాత మెసేజ్ చూపించాక 30కే పంపించాడు. ఆ ఊళ్లో ఏ రేటైనా ఫోన్‌లో రాయించుకోండి.