శరత్కాలంలో ఉత్తర తీరం వెంట నౌకాయానం: నార్వేనా, న్యూ ఇంగ్లండ్–కెనడానా, ఏది మేలు?

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఉత్తరాది సముద్రతీరం వెంట ఓడలో సాగాలనుకునేవారి ముందు ప్రధానంగా రెండు దారులు ఉంటాయి. ఒకటి, నార్వేలోని బెర్గెన్‌లో బయలుదేరి రష్యా సరిహద్దుకు దగ్గరగా ఉన్న కిర్కెనెస్ వరకు వెళ్ళి తిరిగివచ్చే తీరనౌక. రెండోది, న్యూ ఇంగ్లండ్ అని పిలిచే ఈశాన్య అమెరికా తీరం వెంట, బోస్టన్ లేదా న్యూయార్క్‌కూ కెనడాలోని క్విబెక్ లేదా మాంట్రియల్‌కూ మధ్య నడిచే క్రూజ్. అలాస్కా కూడా ఉంది గాని, అక్కడ ఓడల రాకపోకలు అక్టోబరులో బాగా తగ్గిపోతాయి, సెప్టెంబరులో వానలూ ఎక్కువే. కాబట్టి అది వేసవి ప్రయాణమే అనుకుని పక్కన పెడుతున్నాను.

ఈ రెండు దారుల్లో తేడా ఓడతోనే మొదలవుతుంది. నార్వే తీరనౌక విహారం కోసం పుట్టినది కాదు. 1893లో కెప్టెన్ రిచర్డ్ విత్ ‘వెస్టెరోలెన్’ అనే ఆవిరి ఓడను ట్రోన్‌హైమ్ నుండి హమ్మర్‌ఫెస్ట్‌కు నడిపినప్పుడు, ఉత్తరాది ఊళ్ళకు టపా, సరుకులు, మనుషులు వేగంగా చేరడమే దాని ఉద్దేశం. ఆ మార్గానికి వచ్చిన ‘హూర్టిగ్రూటన్’ అనే పేరుకు శీఘ్ర మార్గమనే అర్థం. ఇప్పటికీ ఆ మార్గంలో 34 రేవులు ఉన్నాయి, రాకపోకలకు 12 రోజులు పడుతుంది, 2021 చివరి నుండి హూర్టిగ్రూటన్ సంస్థ ఓడలతో పాటు హావిలా అనే సంస్థ ఓడలు కూడా తిరుగుతున్నాయి. అర్ధరాత్రి రెండు గంటలకు ఏదో చిన్న రేవులో ఓడ ఆగుతుంది, సరుకు దిగుతుంది, పావుగంటలో మళ్ళీ కదులుతుంది. ఆ చప్పుడుకు నిద్ర చెడవచ్చు. సాయంత్రాలు నాటక ప్రదర్శనలు, ఈతకొలనులు, పిల్లలకు ఆటస్థలాలు కోరుకునేవారికి ఇక్కడ నిరాశే మిగులుతుంది. న్యూ ఇంగ్లండ్ వైపు తిరిగేవి చాలావరకు రెండు మూడు వేల మంది పట్టే పెద్ద ఓడలు కాబట్టి ఆ హంగులన్నీ అక్కడ దొరుకుతాయి, ప్రధాన రేవుల్లో సాధారణంగా ఎనిమిది, పది గంటల పాటు తీరిగ్గా తిరగడానికి వీలు చిక్కుతుంది.

నార్వేను ఎంచుకునేవారిలో ఎక్కువమంది ధ్రువకాంతుల కోసమే, అంటే రాత్రి ఆకాశంలో కదలాడే రంగుల వెలుగుల (అరోరా) కోసమే వెళతారు. ఆ కాంతులు ప్రధానంగా భూ అయస్కాంత ధ్రువం చుట్టూ వలయంలాంటి ఒక పట్టీలో కనిపిస్తాయి, ట్రోమ్సో నుండి కిర్కెనెస్ వరకు ఉన్న తీరం సరిగ్గా ఆ పట్టీ కిందే ఉంది. పైగా పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే విషువత్తుల దగ్గర, అంటే మార్చి, సెప్టెంబరు చివరి రోజుల్లో, సూర్యుడి నుండి వీచే కణాల ప్రవాహమైన సౌరపవనానికి భూమి అయస్కాంత క్షేత్రం ఎదురుపడే తీరు అనుకూలించి, ఈ కాంతులను పుట్టించే అయస్కాంత అలజడి సగటున పెరుగుతుందని 1973లో రస్సెల్, మెక్‌ఫెరాన్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. రాత్రి చీకటి, ఇంకా మరీ ముదరని చలి, ఈ అలజడి మూడూ కలిసివచ్చే కాలం ఇదే. అయితే మబ్బు పడితే ఇవేవీ పనికిరావు, శరత్కాలంలో నార్వే తీరానికి మబ్బు కొత్త కాదు. అందుకే ఎన్ని రాత్రులు ఉత్తరాన గడుపుతామన్న లెక్క ముఖ్యం. 12 రోజుల పూర్తి యాత్రలో ఓడ నాలుగో రోజు ఉదయం ఆర్కిటిక్ వృత్తాన్ని దాటి, పదో రోజు ఉదయం తిరిగి దక్షిణానికి వస్తుంది. అంటే వృత్తానికి ఆవల ఆరు రాత్రులు దొరుకుతాయి. కిర్కెనెస్‌లో దిగిపోయే ఒకవైపు ప్రయాణంలో దొరికేవి మూడే. డబ్బు మిగులుతుందని ఒకవైపు టికెట్టు కొనేవారు ఈ సంగతిని ముందే తూచుకోవాలి.

తిరుగు ప్రయాణానికి ఇంకో విలువ కూడా ఉంది. వెళ్ళేటప్పుడు ఓడ రాత్రివేళ దాటే చోట్లను తిరిగివచ్చేటప్పుడు పగలు దాటుతుంది. వెస్టెరోలెన్ దీవుల మధ్య నుండి రాఫ్ట్‌సుండ్ అనే ఇరుకైన జలసంధి గుండా లోఫోటెన్ దీవులకు చేరే దారి, నా దృష్టిలో, ఈ తీరమంతటిలోకీ అందమైన భాగం. వెళ్ళేటప్పుడు అది చీకట్లో జరిగిపోతుంది, తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం తర్వాత వస్తుంది. సెప్టెంబరులో ఆ వేళకు మంచి వెలుతురు ఉంటుంది. అక్టోబరు చివరికి ట్రోమ్సోలో పగలు సుమారు ఏడు గంటలకు కుదించుకుపోతుంది కాబట్టి రాఫ్ట్‌సుండ్ చేరేసరికే చీకటి పడుతుంది. నవంబరు చివర్లో అయితే ట్రోమ్సోలో సూర్యుడు ఉదయించడమే మానేస్తాడు. ఉత్తర నార్వేలో బర్చ్ చెట్ల ఆకులు పసుపు బారేది కూడా సెప్టెంబరులోనే, అక్టోబరు మొదటి వారాలకు అవి రాలిపోతాయి. వేసవిలో గైరాంగర్ ఫ్యోర్డ్‌కు (ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చే సన్నని సముద్రపు పాయ) వెళ్ళే ఓడలు శరత్కాలంలో హ్యోరుండ్‌ఫ్యోర్డ్‌కు మళ్ళుతాయి. రెండోదానికి పేరు తక్కువే గాని రద్దీ కూడా తక్కువే, కాబట్టి దీన్ని నష్టంగా లెక్కించనక్కరలేదు.

ఇక న్యూ ఇంగ్లండ్–కెనడా యాత్రకు ప్రాణం ఆకుల రంగే. పగళ్ళు ఎండగా, రాత్రులు చల్లగా ఉన్నప్పుడు మేపుల్ ఆకుల్లో ఆంథోసయనిన్ అనే ఎర్రని వర్ణద్రవ్యం బాగా తయారవుతుంది. ఆ ఎరుపు ఉత్తరం నుండి దక్షిణానికి, లోపలి భూభాగం నుండి తీరానికి మెల్లగా దిగివస్తుంది, ఎందుకంటే సముద్రం వేసవి వేడిని పట్టి ఉంచి తీరాన్ని ఆలస్యంగా చల్లబడనిస్తుంది. క్విబెక్ చుట్టుపక్కల సెప్టెంబరు చివరి నుండి అక్టోబరు మొదటి వారం వరకు, అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరంలో అక్టోబరు మధ్యలో రంగు పండుతుంది. కాబట్టి అక్టోబరు మొదటి రోజుల్లో క్విబెక్‌లో ఓడ ఎక్కి దక్షిణానికి వచ్చేవారు రంగుతో పాటే ప్రయాణిస్తారు. ఒక్క విషయంలో మాత్రం ప్రకటనల్లోని బొమ్మలను నమ్మరాదు: సముద్రాన్ని ఆనుకున్న అడవుల్లో సతతహరితమైన స్ప్రూస్ చెట్లే ఎక్కువ, పైగా పెద్ద ఓడ తీరానికి దూరంగా పోతుంది. సెయింట్ లారెన్స్ నది, సాగనే ఫ్యోర్డ్ ప్రాంతాల్లో తప్ప డెక్ మీద నిలబడి ఆ రంగులను చూడటం కష్టం. రేవులో దిగి, మెయిన్‌లోని బార్ హార్బర్ పక్కనున్న అకేడియా జాతీయ ఉద్యానవనం లాంటి చోటికి వెళితే గాని కళ్ళు నిండవు.

అయితే రేవుల విషయంలో ఈ దారిదే పైచేయి. క్విబెక్ పాతనగరం 1985 నుండి యునెస్కో వారసత్వ స్థలం. కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో ఉన్న హాలిఫాక్స్‌లోని ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానంలో టైటానిక్ మృతులలో 121 మంది సమాధులున్నాయి, అక్కడ గడిపే అరగంట చాలాకాలం గుర్తుంటుంది. కెనడాలోనే మరో రేవైన సెయింట్ జాన్‌లో ఫండీ అఖాతపు పోటు ఎంత బలమైనదంటే, అది నది నీటిని వెనక్కి తోసి ప్రవాహాన్ని ఎదురు నడిపిస్తుంది. ఆటుకూ పోటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు తేడా ఉంటుంది గనుక, ఓడ ఆగిన రోజునే రెండుసార్లు వెళ్ళి రెండు దశలనూ చూడటం మంచిది.

వాతావరణంలో రెండింటికీ చిక్కులున్నాయి. నార్వే తీరనౌక చాలాదూరం దీవుల చాటున సాగుతుంది గాని స్టాద్ అగ్రం, హుస్తాద్‌వికా, వెస్ట్‌ఫ్యోర్డ్, ఉత్తర కొసన బారెంట్స్ సముద్రం దగ్గర ఆ చాటు ఉండదు, శరత్కాలపు గాలివానల్లో అక్కడ కుదుపు గట్టిగానే తెలుస్తుంది. సముద్రం పడనివారు ఓడ నడుమ, కింది అంతస్తులో క్యాబిన్ అడగాలి. అట్లాంటిక్ అవతల హరికేన్ కాలం నవంబరు 30 వరకు ఉంటుంది. 2022 సెప్టెంబరు 24న ఫియోనా అనే తుపాను నోవా స్కోషియాను తాకింది, మరుసటి ఏడాది సెప్టెంబరులో లీ అనే తుపాను అదే రాష్ట్రం మీదికి వచ్చింది. అలాంటప్పుడు పెద్ద ఓడలు దారి మార్చుకుంటాయి, ఎదురుచూసిన రేవే జాబితాలోంచి పోవచ్చు. బార్ హార్బర్‌లో ఓడ లంగరు వేసి చిన్న పడవల్లో దించుతారు కాబట్టి అల ఎక్కువైతే మొదట రద్దయ్యేది ఆ రేవే. అదీ గాక, రోజుకు దిగే ప్రయాణికులను వెయ్యి మందికి పరిమితం చేయాలని ఆ ఊరి ఓటర్లు 2022లో తీర్మానించారు, కాబట్టి బుక్ చేసేముందు ఆ రేవు ఉందో లేదో చూసుకోవాలి.

రెండిటిలో ఒకటే ఎంచుకోమంటే నేను నార్వేనే చెబుతాను, సెప్టెంబరు 20కి అటూ ఇటూగా బయలుదేరే పూర్తి 12 రోజుల యాత్రనే చెబుతాను. ధ్రువకాంతి కనిపించకపోయినా రోజంతా తీరం దగ్గరగా కనిపిస్తూనే ఉంటుంది, ఏదో ఒక ఊరు వస్తూనే ఉంటుంది. ఆకుల రంగు దాటిపోయిన వారంలో న్యూ ఇంగ్లండ్ వెళితే ఆ లోటును ఓడలోని హంగులు పూడ్చలేవు. వృద్ధులు, చిన్నపిల్లలు వెంట ఉన్నప్పుడు, రాత్రి నిద్ర చెడకూడదనుకున్నప్పుడు, చరిత్ర ఉన్న నగరాల్లో నడవడమే ఇష్టమైనప్పుడు మాత్రం క్విబెక్ నుండి దక్షిణానికి వచ్చే ఓడే తగినది. అప్పుడు అమెరికా, కెనడా దేశాలు రెండింటి వీసా నిబంధనలనూ చూసుకోవాలి. నార్వేకు చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా ఉన్న షెంజెన్ వీసా నిబంధనలే వర్తిస్తాయి. దుస్తుల విషయంలో నార్వేకు గాలిని, వానను ఆపే పైకోటు, లోపల ఉన్ని పొరలు, జారని బూట్లు తప్పనిసరి, ఎందుకంటే ధ్రువకాంతి కనిపించిందని అర్ధరాత్రి స్పీకరులో చెప్పినప్పుడు వాటిని వెతుక్కునే వ్యవధి ఉండదు.