కొండ దిగేటప్పుడు గేరా, బ్రేకా, న్యూట్రలా: ఏది మేలు?

తిరుపతిలో కారున్న ఇళ్లలో ఈ వాదన ఎప్పుడో ఒకప్పుడు రాకుండా ఉండదు. న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుందని మామయ్య అంటాడు, బ్రేకు మీద కాలు తీయొద్దని డ్రైవింగ్ స్కూల్లో నేర్పినాయన అంటాడు, రోజూ కొండకు ట్యాక్సీ తోలేవాళ్లను అడిగితే మాత్రం "సెకండ్‌లో ఏసుకో అన్నా, అదే దిగుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాది ట్యాక్సీ వాళ్ల పక్షం. ఎందుకో చెప్తాను, ఎందుకంటే కారణం తెలియకపోతే పక్కన కూర్చున్నవాళ్లు "ఇంజన్ అరుస్తోంది, గేరు మార్చు" అనగానే మార్చేస్తాం.

ముందు కొండ లెక్క చూద్దాం. తిరుమల సముద్ర మట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి నుంచి అలిపిరికి వచ్చేసరికి మన కారు ఆరు వందల మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. ఐదుగురు, లడ్డూల సంచులు, డిక్కీలో సామాను కలిపి బండి 1400 కిలోలు అనుకుంటే, ఆ దిగుడులో బయటపడే శక్తి రెండు యూనిట్ల పైచిలుకు కరెంటుతో సమానం. అంటే రెండు వేల వాట్ల గీజరును గంటకు పైగా ఆపకుండా వేసి ఉంచినట్టు. అందులో కొంత టైర్ల రాపిడికి, గాలికి పోతుంది. మిగిలిందంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారి తీరాలి, అది బ్రేకుల్లోనా ఇంజన్‌లోనా అన్నదే అసలు ప్రశ్న.

న్యూట్రల్ సంగతి ముందు తేల్చేద్దాం. ఈ అలవాటు కార్బ్యురేటర్ బండ్ల కాలం నాటిది, అప్పట్లో దానికి ఎంతో కొంత అర్థం ఉండేది. ఇప్పటి కార్లన్నీ ఇంజెక్షన్ బండ్లు, ఎంత పెట్రోలు వదలాలో కంప్యూటరే చూసుకుంటుంది. గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతున్నాయని కంప్యూటర్ కనిపెట్టి పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. ఆర్‌పీఎం బాగా పడిపోయాక గానీ మళ్లీ వదలదు. అదే న్యూట్రల్‌లో వేశారనుకోండి, ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉండాలి. కాబట్టి మిగులుతుందన్నది తలకిందుల లెక్క, దిగువలో గేరే ఎక్కువ మిగులుస్తుంది. పైగా న్యూట్రల్‌లో బండిని పట్టి ఉంచేది బ్రేకు ఒక్కటే, రెండు యూనిట్ల వేడిలో తన వాటా కాక ఇంజన్ వాటా కూడా అదే మోయాలి. ఇంకా ఘనంగా తాళం కూడా ఆఫ్ చేసేవాళ్లున్నారు, వాళ్లకు మాత్రం గట్టిగానే చెప్పాలి: ఇంజన్ ఆగితే బ్రేకుకు బలమిచ్చే బూస్టర్‌లో మిగిలే వ్యాక్యూమ్ రెండు మూడు నొక్కుళ్లకే అయిపోతుంది, తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ పోతుంది, తాళం కాస్త ఎక్కువ తిప్పితే కొన్ని బండ్లలో స్టీరింగే లాక్ అవుతుంది. మలుపు మలుపుకీ స్టీరింగ్ తిప్పాల్సిన రోడ్డు మీద అది.

మాట వచ్చింది కాబట్టి, గేరులోనే ఉన్నాం కదా అని మలుపంతా క్లచ్ తొక్కి పట్టుకునేవాళ్లు కూడా న్యూట్రల్‌లో ఉన్నట్టే లెక్క. కొత్తగా నేర్చుకున్నవాళ్లలో ఇది చాలా ఎక్కువ, ఇంజన్ ఆగిపోతుందేమోనన్న టెన్షన్‌తో చేస్తారు. రెండో గేరులో ఇరవై, ముప్పై స్పీడుకు ఏ కారు ఇంజనూ ఆగదు, క్లచ్ వదిలేయండి.

ఇక బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకోవడం. ఇది న్యూట్రల్ అంత మూర్ఖం కాదు, గేరు నాలుగులోనో ఐదులోనో ఉండి అంతా బ్రేకుతోనే లాగించేవాళ్లు రోజూ దిగుతూనే ఉన్నారు, ఏమీ కాకుండానే ఇంటికి చేరుతున్నారు. కానీ కిందికి వచ్చాక వాళ్ల చక్రాల దగ్గర ముక్కు పెట్టి చూడండి, మాడు వాసన. బ్రేకు రెండు రకాలుగా చేతులెత్తేస్తుంది, రెండూ కాలికి వేరువేరుగా తెలుస్తాయి. ఒకటి, ప్యాడ్లు అతిగా వేడెక్కి పట్టు తగ్గడం. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగాల్సినంత ఆగదు. రెండోది అసలైన ప్రమాదం. వేడి ప్యాడ్ల నుంచి వాటిని నొక్కే క్యాలిపర్‌లోకి పాకి లోపలి బ్రేక్ ఆయిల్ మరిగిపోతుంది, ఆయిల్‌లో బుడగలు పుడతాయి, కాలు తొక్కితే ఆ బుడగలు నలుగుతాయి తప్ప ఒత్తిడి చక్రం దాకా చేరదు. పెడల్ మెత్తగా కింద దాకా వెళ్లిపోతుంది. పేపర్లో 'బ్రేకులు ఫెయిల్' అని రాసేవాటిలో కొన్ని ఇవే, ఏదీ విరిగి ఉండదు, గంట చల్లారితే అదే బ్రేకు మళ్లీ పనిచేస్తుంది. మా బండికి ఏబీఎస్ ఉంది కదా అంటారు కొందరు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరే, కానీ అది చక్రం జారకుండా చూస్తుంది, ప్యాడ్లను చల్లబరచదు.

గేరు ఎందుకు మేలంటే, ఇంజన్‌కు ఆ వేడిని మోసే ఏర్పాటు ముందే ఉంది. రేడియేటర్, ఫ్యాన్ ఉన్నది వేడిని బయటికి పంపడానికే కదా. పెట్రోలు మండటం లేదు కాబట్టి ఎక్కేటప్పుడు ఇంజన్ పడిన కష్టంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అరుపు వినిపిస్తుంది నిజమే, మీటర్లో ముల్లు 3000 దగ్గర ఉంటుంది, ఎర్ర గీత ఎక్కడో ఆరు వేల పైన ఉంటుంది. డీజిల్ అయితే గీత ఇంకొంచెం కిందే, అయినా చాలా దూరం. ఇంజన్ అరిగిపోతుందన్న భయం వద్దు. క్లచ్ పూర్తిగా వదిలి ఉంటే ప్లేటు కూడా అరగదు.

ఎక్కే గేరులోనే దిగమని లారీ వాళ్ల పాత సూత్రం ఒకటుంది, కార్లకూ ఇంచుమించు సరిపోతుంది. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు మన దిగే దారి (ఎక్కేది 1974లో వచ్చిన రెండోది), మలుపులు ఎక్కువ, 18, 19 కిలోమీటర్ల పొడవు. కనీసం 40 నిమిషాలు తీసుకోవాలని టీటీడీ పెట్టిన రూలు చాలామందికి విసుగు, జరిమానా వేయడానికే ఉందనుకుంటారు. లెక్క వేసి చూస్తే సగటున గంటకు 30 లోపే వస్తుంది, అది సరిగ్గా రెండో గేరు స్పీడు. రూలు పెట్టినవాళ్లు గేరు గురించి ఆలోచించారో లేదో గానీ, రెండో గేరులో దిగేవాళ్లకు టైము చూసుకునే పనే ఉండదు. నేరుగా ఉన్న చోట మూడోది వేసుకోవచ్చు, మలుపు రాకముందే మళ్లీ రెండోదానికి రావాలి, మలుపులో కాదు. అరవైలో పోతూ ఒక్కసారిగా రెండుకు లాగొద్దు, ముందు బ్రేకుతో స్పీడు తగ్గించి తర్వాత గేరు. ఒకటో గేరు ట్రాఫిక్ పాకుతున్నప్పుడు తప్ప అక్కర్లేదు.

గేరుతో దిగమంటే బ్రేకు ముట్టుకోవద్దని కాదు. రెండో గేరులో కూడా వాలు ఎక్కువైన చోట నలభైకి పోతుంది. అప్పుడు ఒక్కసారి గట్టిగా తొక్కి పాతికకు తెచ్చి పూర్తిగా వదిలేయండి, మళ్లీ పెరిగాక మళ్లీ. కాలు ఆనించి ఉంచితే ప్యాడ్లకు చల్లారే సందే ఉండదు. దారిలో అక్కగార్ల గుడి దగ్గర డ్రైవర్లు ఆగి దండం పెట్టుకోవడం మామూలే, మీరూ ఆగితే పనిలో పనిగా చక్రాల దగ్గర వాసన చూడండి. కిందికి దిగగానే బండిని వాటర్ వాష్‌కు పెట్టేవాళ్లుంటారు, కాగిన డిస్కు మీద చల్లటి నీళ్లు పడితే వంకరపోయే ప్రమాదం ఉంది, కాసేపు ఆగండి.

ఆటోమేటిక్‌ల దగ్గర కొంచెం తెలివి కావాలి. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్, గేరు తనే మార్చుకునేది) బండి డిలో ఉంటే దిగువలో స్పీడు పెరగ్గానే తనంతట తాను పై గేరుకు పోతుంది, అప్పుడు అంతా బ్రేకే. లివర్‌ను ఎంకు జరిపి రెండులో కట్టేయండి. సీవీటీ అయితే ఎల్ గానీ ఎస్ గానీ, టార్క్ కన్వర్టర్ వాటిలో మాన్యువల్ మోడ్ గానీ 2, ఎల్ గుర్తులు గానీ. హైబ్రిడ్‌లో బి అని ఉంటే అది ఇందుకే. ఈవీ ఉన్నవాళ్లదే ఈ విషయంలో అదృష్టం, రీజెన్ ఎక్కువలో పెడితే దిగే శక్తిలో కొంత బ్యాటరీలోకే తిరిగి వస్తుంది, కొండ ఎక్కేటప్పుడు పోయిన చార్జి కొంత దిగేసరికి కనిపిస్తుంది. కాకపోతే పైనే బ్యాటరీ నిండా చార్జి పెట్టి బయల్దేరితే నింపుకోవడానికి చోటుండదు, రీజెన్ తగ్గిపోతుంది. ఆ సంగతి చాలామందికి తెలియదు.

ఒకవేళ పెడల్ మెత్తగా కిందికి పోతే? గబగబా నాలుగైదుసార్లు కొట్టండి, కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. ఆ వెంటనే గేరు ఒక్కొక్కటే దించండి, హ్యాండ్ బ్రేక్‌ను బటన్ నొక్కిపట్టి మెల్లమెల్లగా లాగండి, ఒక్కసారి లాగితే వెనక చక్రాలు పట్టేసి బండి తిరుగుతుంది. అప్పటికీ ఆగకపోతే లోయ వైపు కాదు, కొండ వైపు గోడకు రాసుకుంటూ పోవడమే. రంగు పోతుంది, పోనీండి.

ఇంత చెప్పాక ఇంటి దగ్గర చూసుకోవాల్సింది బ్రేక్ ఆయిలే. ఇంజన్ ఆయిల్ అందరికీ గుర్తుంటుంది, దీన్ని ఐదారేళ్లు మార్చనివాళ్లు కోకొల్లలు. గాలిలో తేమను పీల్చుకోవడం దాని స్వభావం. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టాక అది 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. అంటే పాతబడిన డాట్ 4 కన్నా కొత్త డాట్ 3యే మేలు, కాబట్టి ఏ రకం అన్నదాని కన్నా ఎప్పుడు మార్చామన్నది ముఖ్యం. మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయించండి, రెండేళ్లకోసారి మార్పించండి. సిలికాన్‌తో చేసే డాట్ 5 వేరే జాతి, వీటితో కలపకూడదు. సీసా మీ కళ్ల ముందే సీలు తీయాలి, సగం వాడి మూత పెట్టిన సీసాలో అప్పటికే తేమ చేరి ఉంటుంది. డబ్బాలో మట్టం తగ్గితే ఊరికే పోసేయకండి, ప్యాడ్లు అరిగినప్పుడు అది తగ్గుతుంది, లేదా ఎక్కడో కారుతోంది, పోసేస్తే ఆ ఆనవాలు పోతుంది. ప్యాడ్లు మూడు మిల్లీమీటర్లకు వచ్చాయంటే కొండకు పోయే ముందే మార్చాలి. వెనక డ్రమ్ముల్లో లైనర్లు ఎవరూ విప్పి చూడరు, చూపించమని అడగండి.

ఈ పని కంపెనీ సర్వీసులో చేయించాలా, మన మెకానిక్ దగ్గరా? వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీలోనే, బిల్లులో లేనిపోని క్లీనింగులు ఎక్కిస్తే వద్దని చెప్పొచ్చు. వారంటీ అయ్యాక నేనైతే చక్రం విప్పి ప్యాడు చేతిలో పెట్టి చూపించే మెకానిక్‌కే ఓటేస్తాను. నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు పైపుల్లోని గాలి తీసి కొత్త ఆయిల్ వచ్చేదాకా వదులుతున్నాడా, పై డబ్బాలో మాత్రం మార్చి చేతులు దులుపుకుంటున్నాడా అన్నది దగ్గరుండి చూసుకోవాలి.

టైర్లలో నైట్రోజనా, మామూలు గాలా అంటే, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత గాలి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి, అంతే. చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడి దాకా ఒప్పుకుంటుంది గానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో మూడు కంటే తక్కువున్న టైర్లతో ఘాట్ ఎక్కొద్దు. ఆ నెలల్లో కొండచరియలు కూడా లెక్కలోకి తీసుకోవాలి, 2021 డిసెంబరులో ఎక్కే దారిలో బండరాళ్లు పడి రోడ్డే దెబ్బతింది. తడి రోడ్డు మీద గేరు దించడం కూడా మెత్తగా ఉండాలి, క్లచ్ ఠక్కున వదిలితే చక్రాలు జారతాయి.

తిరుమల ఘాట్‌లో కనీసం ఎదురు బండి రాదు. మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్‌లో ఎదురొస్తారు, ఇరుకు చోట ఎక్కేవాళ్లకే ముందు దారివ్వాలని రోడ్డు నియమం, దిగేవాళ్లు ఆగాలి. మొగిలి ఘాట్‌లో చిత్తూరు వైపు దిగేటప్పుడు అద్దంలో లోడు లారీ కనిపిస్తే దాని ముందు ఉండకండి, పక్కకు తీసి పోనివ్వండి, దాని బ్రేకులు ఎంత కాగాయో మీకు తెలియదు.

లైసెన్సు వచ్చి నాలుగు నెలలు కాలేదు, ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని కొండకు పోదామనుకుంటున్నారా? సొంత కారా, బస్సా అంటే మొహమాటం లేకుండా బస్సే అంటాను. కింద కారు పెట్టి ఆర్టీసీ ఎక్కండి, 2022 నుంచి కరెంటు బస్సులు కూడా తిరుగుతున్నాయి. దిగేటప్పుడు ముందు సీట్లో కూర్చుంటే డ్రైవరు పెడల్‌ను ఎన్నిసార్లు తొక్కుతున్నాడో, ఎంతసేపు వదిలేస్తున్నాడో కనిపిస్తుంది.